అరిగిపోయిన చరణం

బాదం గేటు సందు, కింగ్‌స్టన్
1998 ఏప్రిల్ 14, మంగళవారం

నా బంగారు ఐసీకి,

అక్షరాలు వంకరటింకరగా ఉన్నాయని కంగారుపడకు. పక్షవాతం రాలేదు, రమ్ము ముట్టలేదు. కుడి అరచెయ్యి పొంగిన రొట్టెలా వాచింది, పెన్సిలు సరిగ్గా నిలవడం లేదు, అంతే. ఎందుకు వాచిందో చెప్పడానికే ఈ ఉత్తరం. ముందు మీ అమ్మకి మందు వేసేసి, ఆ తలుపు దగ్గర కుర్చీలో కూర్చుని చదువు. నిలబడి చదివితే నువ్వు పడిపోతావు. అప్పుడు పోర్ట్ ఆంటోనియోలో ఒకే ఇంట్లో తుంటి విరిగినవాళ్ళు ఇద్దరవుతారు.

ఐసీ, మన పిల్ల పాటని నిన్న నాలుగు వేల మంది పాడారు. విన్నారు అనడం లేదు. పాడారు! డెబ్బై ఒక్క ఏళ్ళు బతికాను, పెద్ద తుఫాను చూశాను, స్వాతంత్ర్యం వచ్చినప్పుడు జెండా పైకి వెళ్ళడం చూశాను. నిన్న సాయంత్రం చూసినట్టిది ఎన్నడూ చూడలేదు. దేవుడు నన్ను ఇంతకాలం ఎందుకు ఉంచాడా అనుకునేవాణ్ణి. ఇందుకట.

కానీ సంతోషం ఒక్కటే రాస్తే సగం ఉత్తరమే రాసినట్టు. మిగతా సగం నీ దగ్గర దాచింది. అది ముందు రాసేస్తాను, లేకపోతే ధైర్యం చాలదు.

ఫిబ్రవరిలో మీ అమ్మని చూసుకోవడానికి నువ్వు బస్సెక్కావు. ఆ తర్వాతి వారమే ఒక రికార్డుల కంపెనీ యజమాని మన గుమ్మంలోకి వచ్చాడు. మన షెర్నెట్ గొంతు ఎక్కడో విన్నాడట. "అమ్మాయి ఒక్కతే అయితే రేపే సంతకాలు. ఆ గుంపు మాత్రం నాకొద్దు" అన్నాడు. మన పిల్ల ఏమందో తెలుసా? "వస్తే ఆరుగురం వస్తాం. లేకపోతే ఎవరం రాం. నిమ్మరసం తాగి వెళ్ళండి" అంది. ఆయన తాగకుండానే వెళ్ళాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఎందుకు మండిందో ఈ నలభై ఏళ్ళలో నీకు కూడా చెప్పలేదు. ముప్ఫై ఏళ్ళు ఈ ఊళ్ళో మైకుసెట్టు వాళ్ళందరికీ స్పీకరు పెట్టెలు కట్టాను కదా. చెక్కని వేలి కణుపుతో తట్టి, చెవి ఆనించి, ఏది మోగుతుందో ఏది మొద్దుగా ఉంటుందో చూసి చూసి కట్టినవి. పెట్టె అయ్యాక దాని మీద పేరు రాసేదీ నేనే. ఎరుపులో, పసుపులో, మనిషంత అక్షరాలు. ఎవరి పేరు? యజమాని పేరు. ఒక్క పెట్టెకి వెనక వైపునైనా, చీమంత అక్షరాలతోనైనా, లిన్వల్ బ్రామ్‌ఫీల్డ్ అని రాసుకోమని ఎవరూ అనలేదు. నేనూ అడగలేదు. కానీ లోపల ఎక్కడో ఒక ముల్లు ఉండిపోయింది. మనకి లేకలేక పుట్టిన పిల్లకి ఆ గొంతు వచ్చాక, ఒక్క పోస్టరు మీద బ్రామ్‌ఫీల్డ్ అన్న మాట పెద్దగా, పక్కన ఇంకో పేరు లేకుండా చూడాలని ఆశ పుట్టింది.

ఇది వెళ్ళి జట్టులో కలిసింది. మా రోజుల్లో మైకు దగ్గర ఒక్కడే మొనగాడు నిలబడేవాడు. ఇప్పుడు సందుకో జట్టు. ఒకే తాళం మోగుతుంటే, కదిలే మినీబస్సు ఎక్కినట్టు ఒకరి వెనక ఒకరు ఎక్కేస్తారు. పోస్టరు మీద "బాదం గేటు జట్టు" అని ఉంటుంది, అంతే. అందుకే నేను "నీ పేరు ఒక్కటే ఉన్న పోస్టరు చూపించు, ఆ రోజే వచ్చి వింటాను" అని మొండికేసింది. వాళ్ళ పన్నెండు పెట్టెలూ నేనే కట్టిచ్చాను. మూడేళ్ళలో ఒక్కసారి వినడానికి మాత్రం వెళ్ళలేదు. నువ్వెంత పోరినా వెళ్ళలేదు.

చివరికి నేనూ పిల్లా ఒక మాట అనుకున్నాం. ఈస్టర్ సోమవారం క్రికెట్ మైదానంలో నీలి పిడుగు మైకుసెట్టుతో వీళ్ళకి పోటీ. గెలిస్తే నేను ఆ సంతకం మాట మళ్ళీ ఎత్తకూడదు. ఓడితే షెర్నెట్ ఒంటరిగా సంతకం పెట్టాలి. అది నవ్వుతూ చెయ్యి కలిపింది. ఆ చెయ్యి నా చేతిలో ఉండగానే, ఐసీ, వాళ్ళు ఓడిపోవాలని మనసులో మొక్కుకున్నాను.

పోటీకని జట్టు తమ పాటతో ఒక రికార్డు ప్లేటు కోయించింది. దుకాణంలో కొనే రికార్డు గట్టిది, ఏళ్ళ తరబడి మోగుతుంది. పోటీ ప్లేటు ఒక్కటే ఉంటుంది, పైన మెత్తని పూత. సూది నడిచిన ప్రతిసారీ కాస్త చస్తుంది. ముందు గొంతు పోతుంది, కింది మోత మాత్రం మిగులుతుంది. ప్లేట్లు తిప్పే ఫిట్జ్‌రాయ్ ఉన్నాడు చూడు, ఆ పొడుగాటివాడు, అతని గదికి రోజుకి పదిమంది వచ్చిపోతారు. ఎవరైనా విని అవతలి వాళ్ళకి మోసేస్తారని భయపడి ప్లేటు నా దగ్గర దాచాడు. "తాతా, నువ్వు మా పాటల గడపే తొక్కవు. నీ మంచం కింద ఉంటే బ్యాంకులో ఉన్నట్టే. కానీ వెయ్యకు. ఒట్టు?" అన్నాడు.

"ఒట్టు" అన్నాను.

రెండు రోజులు కూడా నిలవలేదు ఆ ఒట్టు. ఒక్కసారి వింటే ఏమవుతుందిలే అనుకున్నాను. మొదటి చరణం కోర్ట్నీది. జట్టుకి పెద్ద అతనే. అతని చరణం నాకెందుకు? ప్లేటుని వెలుగుకి వంచి చూస్తే చరణం ఎక్కడ మారుతుందో గాడుల్లో తెలుస్తుంది. సూది తీసుకెళ్ళి సరిగ్గా రెండో చరణం మీద, మన పిల్ల చరణం మీద దింపేవాణ్ణి. అది అవగానే ఎత్తేవాణ్ణి. మళ్ళీ దింపేవాణ్ణి. సూది ఎగరకుండా దాని నెత్తిన నా పాత రాజు బొమ్మ పెన్నీ నాణెం కూడా పెట్టాను. బరువు పెడితే గాడి ఇంకా తొందరగా అరుగుతుందని తెలియక కాదు.

ఇదీ ఆ చరణం. రాసి పంపుతున్నాను, నీ బైబిల్లో పెట్టుకో.

మా నాన్న మేకు కొడితే మా సందుకి గుండె వచ్చింది
ఆ గుండె కొట్టుకుంటుంటే నా కాలికి నడక వచ్చింది
పేరడిగితే ఒక్క ఊపిరిలో ఆరు పేర్లు చెబుతాను
ఒక్కటి తీసి పాడమంటే నోరు మూసి కూచుంటాను

మొదటి రెండు పాదాలకే నా కళ్ళు నిండిపోయేవి. తర్వాతి రెండు పాదాల్లో అది నాకేం చెబుతోందో ఒక్కనాడూ చెవికెక్కలేదు. పొద్దున కాఫీకి ముందు, మధ్యాహ్నం నిద్ర లేచాక, వాన పడితే, వాన వెలిస్తే. పిల్ల ఇంట్లో లేనప్పుడల్లా అదే పని.

మొన్న ఈస్టర్ ముందు గురువారం మధ్యాహ్నం సూది దింపితే, దాని గొంతు దుప్పటి కప్పుకుని పాడినట్టు వచ్చింది. ప్లేటు ఎండలో పట్టి చూశాను. అంతా నల్లగా నిగనిగలాడుతోంది. ఒక్కచోట మాత్రం చిటికెన వేలి గోరంత వెడల్పున చుట్టూ బూడిద రంగు చార. పిల్ల చరణం ఉన్న చోటే.

ప్లేట్లు కోసే చోటు ఆ సాయంత్రం దాకా తెరిచే ఉంది. తర్వాత పండగ సెలవులు. అప్పుడే చెప్పి ఉంటే ఇంకోటి కోయించుకునేవారు. నేను చెప్పలేదు. అట్ట సంచిలో పెట్టి మంచం కిందికి తోశాను. ఓడితే పిల్లకి మంచిదే కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నీ ముందు ఇంత సిగ్గుపడాల్సిన పని నేనింతవరకూ చెయ్యలేదు ఐసీ.

ఇక నిన్నటి సంగతి.

మూడింటికే మొదలైంది. ఆకాశం నిండా పిల్లల గాలిపటాలు. నేను మైదానం చివర, రేకు కంచె పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను, ముద్దాయిలా. ఒక ప్లేటు వీళ్ళది, ఒక ప్లేటు వాళ్ళది. జనానికి పాట నచ్చితే కంచె రేకులు బాది మోగిస్తారు. మోత మరీ ఎక్కువైతే సూది ఎత్తి మళ్ళీ మొదటి నుంచి వెయ్యాల్సిందే, పాటని ముందుకు పోనివ్వరు. ఆరింటికి ఇద్దరూ సమానం. ఇక చెరొక్క ప్లేటు. నీలి పిడుగు వాళ్ళు తమది వేశారు, రేకుల మోత బాగానే వచ్చింది. వాళ్ళ మైకు మనిషి రెచ్చిపోయాడు.

"ఏరా బాదం గింజలూ! ఒక పాటకి ఆరుగురటగా? అంటే ఒక్కొక్కడికీ ఉన్నది ఆరోవంతు గొంతేనా? పాపం, మిగతాది అమ్ముకున్నారా?"

జనం పొట్ట పట్టుకుని నవ్వారు. నేను నవ్వలేకపోయాను. మూడేళ్ళుగా నేను అంటున్న మాటే అది.

అప్పుడు మన పిల్ల జనంలోంచి తోసుకుంటూ నా దగ్గరికి వచ్చింది, చేతిలో ఈస్టర్ బన్ను. "పొద్దుట్నుంచి ఏం తినలేదు నువ్వు. ఇదిగో, చీజు ముక్క మందంగా కోయించాను."

"నువ్వు వేదిక మీద ఉండొద్దూ?"

"ఆఖరిది ప్లేటే కదా నాన్నా. దాంట్లో ఉన్నాగా నేను. ఇక్కడే ఉంటా. నువ్వు మొదటిసారి వింటున్నప్పుడు నీ మొహం చూడాలి నాకు."

ఐసీ, ఆ బన్ను ఒక్క ముక్క కొరికి ఒళ్ళో పెట్టేసుకున్నాను.

ఫిట్జ్‌రాయ్ సూది దించాడు. కోర్ట్నీ చరణం కడిగిన అద్దంలా వచ్చింది. అక్కడక్కడా రేకులు మొదలయ్యాయి. తర్వాత పిల్ల చరణం. నేను కట్టిన పెట్టెల్లోంచి మోత నేలని కుదిపేస్తోంది, మోత నిండుగానే ఉంది, దాని మీద గొంతు లేదు. బుస్సుమని పొగలాంటి చప్పుడు, ఆ పొగలో ఎవరో మూలుగుతున్నట్టు. పిల్ల నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. "నాన్నా, నేనేనా అది? ఏమైంది నాకు?" అంది. ఐదేళ్ళప్పుడు జ్వరంలో అలా అడిగేది.

"జింజర్‌కి జలుబు చేసిందిరోయ్!" అని మైకు మనిషి అరిచాడు. సందులో అందరూ దాన్ని జింజర్ అంటారుగా, గొంతు అల్లమంత ఘాటని. "ఆవిరి పట్టండ్రా! మిరియాల కషాయం పొయ్యండి!"

ఫిట్జ్‌రాయ్ చెయ్యి సూది మీదికి వెళ్ళింది. ఎత్తేస్తే అయిపోయినట్టే. కోర్ట్నీ ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు. మైకు అందుకుని, ఆ మోత మీదే, "మా నాన్న మేకు కొడితే" అని ఎత్తుకున్నాడు. మిగతా నలుగురూ ఒకే మైకు చుట్టూ మూగారు. నేను నీకు ఎలా చెప్పను! మాట మాటా వచ్చు వాళ్ళకి. రెండో పాదం చివర మన పిల్ల చిన్నగా ఊపిరి పీలుస్తుంది, నువ్వూ అలాగే పీలుస్తావు, వాళ్ళు ఐదుగురూ అక్కడే, అంతే పీల్చారు. మూడేళ్ళు పక్కన నిలబడి దాని ఊపిరి కూడా నేర్చుకున్నారు ఐసీ. కోర్ట్నీ తండ్రి మొహం ఎరగడు. వాడు "మా నాన్న" అని అంత గట్టిగా అనడం సందులో ఎవరూ విని ఉండరు.

ఇక్కడ నా పక్కన పిల్ల అందుకుంది, మైకు లేకుండా, కంచెకి ఆనుకుని. చుట్టూ ఉన్నవాళ్ళు తిరిగి చూశారు. "జింజర్ ఇక్కడుందిరా!" అని ఒకావిడ కుండ మూత మీద గరిటెతో బాదింది. మైదానమంతా రేకులు లేచాయి. "ప్లేటు పోటీ ఇది! నోటి పోటీ కాదు!" అని మైకు మనిషి అరుస్తున్నాడు, వాడి మాట వాడికే వినపడలేదు. ఫిట్జ్‌రాయ్ సూది ఎత్తాడు. మళ్ళీ మొదటి నుంచి. ఈసారి ఆ అరిగిన చోటు రాగానే మా చుట్టూ వందమంది పాడారు. మళ్ళీ ఎత్తాడు. మూడోసారి ఆ బుస్సుమనే ఖాళీ రాగానే నాలుగు వేల మంది దాన్ని నింపేశారు. వేరుశనగలు అమ్మేవాడు కూడా బండి మీది ఆవిరి ఈల ఆపి పాడాడు. అప్పుడు, అప్పుడు ఐసీ, కింది రెండు పాదాలు నాకు మొదటిసారి వినపడ్డాయి. ఒక్కటి తీసి పాడమంటే నోరు మూసి కూచుంటాను. నాలుగు వేల మంది ఒక్క గొంతుతో నా మొహం మీద చెప్పారు.

నా పక్క నుంచి ఎవరో కంచెని పగిలేలా కొడుతున్నారు, ఎవరా అని చూస్తే నా చెయ్యే. ఓడిపోవాలని మొక్కుకున్న చెయ్యి!

పాట ఆ చరణం దాటలేదు. దాటనివ్వలేదు. మిగతా నాలుగు చరణాలు ఎవరూ వినకుండానే నీలి పిడుగు వాళ్ళు తమ ప్లేట్లు సర్దుకున్నారు. పిల్లని జనం చేతుల మీద వేదిక దాకా మోశారు. నేను మిగిలిన బన్ను పట్టుకుని ఏడుస్తూ నిలబడ్డాను.

ఇప్పుడందరూ ప్లేటు కోసినవాణ్ణి తిడుతున్నారు. నేను నోరు విప్పలేదు. అంత సంతోషంలో ఈ మాట ఎలా చెప్పను? చెప్పాలా? నువ్వు చెప్పినట్టు చేస్తాను.

మీ అమ్మగారి కాళ్ళకి నా దండం.

నీ
లిన్వల్

*

బాదం గేటు సందు
1998 ఏప్రిల్ 24, శుక్రవారం

నా ప్రాణమైన ఐసీకి,

నీ ఉత్తరం అందింది. ఒకే ఒక్క వాక్యం. "ముందు వాళ్ళకి చెప్పు, తర్వాతే నాకు రాయి." సంతకం కూడా లేదు. నీ కోపం నాకు తెలుసు, అందుకే వెంటనే చెప్పేశాను.

నిన్న పొద్దున జట్టంతా మన వాకిట్లోనే ఉంది, పెట్టెలకి రంగు వేస్తున్నారు. బొప్పాయి చెట్టు కింద నిలబడి, మర్డర్ కేసులో ఒప్పుకున్నవాడిలా మొత్తం చెప్పాను. ఒట్టు, పెన్నీ, గురువారం, ఎండలో చూసిన చార, మంచం కిందికి తొయ్యడం, మొక్కు. ఏదీ దాచలేదు. కుంచెలు ఆగిపోయాయి.

ఫిట్జ్‌రాయ్‌కి నిజంగా కోపం వచ్చింది. "ప్లేటు కోసినవాడి దగ్గరికెళ్ళి వాడి అమ్మనీ నాన్ననీ కూడా కలిపి తిట్టొచ్చాను తాతా. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?" అని లోపలికి వెళ్ళి, సూది మీది పెన్నీ తీసి జేబులో వేసుకున్నాడు. "ఇది నా దగ్గరుంటుంది. అడగకు." అడగలేదు.

షెర్నెట్ కుంచె కింద పెట్టింది. ప్లేటు తెచ్చి ఎండలో పట్టింది. ఆ బూడిద చార మీద గోరు పెట్టి చుట్టూ తిప్పింది.

"ఎన్నిసార్లు విన్నావు?"

"లెక్కలేదమ్మా."

"నువ్వు నా పాట వినవనుకున్నాను నాన్నా. మూడేళ్ళు." ఇంకా చారనే చూస్తోంది. "నా మొహాన ఒక్కసారి బాగుంది అని అంటే ఈ ప్లేటు బతికేది కదా!"

నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు. దాని గడ్డం మాత్రం నీ గడ్డంలా వణికింది. తర్వాత నా నెత్తిన, జుట్టు లేని చోట, ముద్దు పెట్టింది. "గురువారం దాచినందుకు మాత్రం ఇంకా కోపంగానే ఉంది, చెప్తున్నా" అని కుంచె తీసుకుని వెళ్ళిపోయింది. ఉండనీ. ఆ కోపం నేను సంపాదించుకున్నదే.

అప్పుడు కోర్ట్నీ లేచాడు, జడ్జీలా నడుం మీద చేతులు పెట్టుకుని. "అయితే తాతా, ఆమె చరణం అరిగేదాకా విన్నావు. నా చరణం ఎన్నిసార్లు విన్నావు?"

"మైదానంలో విన్నాను కదా."

"ఇంట్లో?"

"ఒక్కసారీ వినలేదు బాబూ."

"మిగతా నలుగురివీ?"

తల వంచుకున్నాను.

"చూశారా, చూశారా! ఇంట్లో ఒక్కర్తే పిల్లా ఈయనకి! శిక్ష వేస్తున్నాను. కుర్చీ తెండ్రా. ప్లేటు మొదటి నుంచి చివరిదాకా వింటావు. మధ్యలో సూది ముట్టుకుంటే చెయ్యి విరగ్గొడతాం."

కూర్చోబెట్టారు. ఫిట్జ్‌రాయ్ బరువు లేకుండా మెత్తగా సూది దించాడు. కోర్ట్నీ చరణం అయింది. పొగ చోటు వచ్చింది, పిల్ల గుమ్మంలోంచే కూనిరాగంలా పాడి నింపింది. మూడో చరణం, నాలుగో చరణం. ఎంత బాగున్నాయి ఐసీ! ఒకడు నా దగ్గు మీద కూడా కట్టాడు, వెధవ. ఐదోది మన కమ్మరి కొడుకుది. నేను ఇన్నాళ్ళూ సూది ఎత్తేసిన చోటుకి అవతల ఇంత లోకం ఉంది.

ఆరో చరణం ఎవరాల్డ్‌ది. నీకు గుర్తుందా, నత్తి ఉన్న కుర్రాడు, కొట్లో రొట్టె అడగడానికి కూడా వేలు చూపించేవాడు. పాటలో వాడికి నత్తి లేదు. జట్టు పేర్లన్నీ చదివేది వాడట. ఒక్క ఊపిరిలో చదివాడు. కోర్ట్నీ, జింజర్, అలా ఆరు. ఆరో పేరుతో అయిపోయిందనుకున్నాను. తాళం ఒక్క దెబ్బ ఆగింది. ఆగి, "ఏడోవాడు లేకపోతే మాకు గొంతెక్కడిది? పెట్టెలు కట్టిన లిన్వల్ బ్రామ్‌ఫీల్డ్!" అన్నాడు.

నా పేరు, ఐసీ. ఇంటి పేరుతో సహా. నేను మంచం కింద దాచిన ప్లేటులోనే, నేను ఒక్కసారీ వినని చోట, ఒక్క గీత పడకుండా, ఇవాళే కోసినట్టు నల్లగా మెరుస్తూ ఉంది.

ఎవరాల్డ్ రంగు డబ్బాలోకి చూస్తూ కూర్చున్నాడు. నేను కళ్ళు తుడుచుకున్నాను. ముక్కు చీదుకున్నాను. తర్వాత, మెల్లిగా, ఎవరూ చూడటం లేదనుకుని, సూది వైపు చెయ్యి చాపాను.

ఫిట్జ్‌రాయ్ నా మణికట్టు పట్టుకున్నాడు.

"చాల్లే తాతా. అరిగిపోతుంది."

ఆ రికార్డుల యజమానికి ఆరుగురి పేర్లూ రాసి పంపారు. జవాబు రాలేదు. రాకపోతే పోయింది. వచ్చే శనివారం వీళ్ళ పాట ఉంది, నా స్టూలు నేనే మోసుకెళ్తాను. మీ అమ్మ నాలుగడుగులు వెయ్యగానే బస్సెక్కు. వస్తూ రెండు బ్రెడ్‌ఫ్రూట్ కాయలు తీసుకురా. జట్టుకి భోజనం పెట్టాలి, ఇంట్లో పిల్లలు ఆరుగురు.

ఎప్పటికీ నీ వాడు
లిన్వల్ బ్రామ్‌ఫీల్డ్
(బాదం గేటు జట్టు)